కంట్రోల్ ఆర్ అని ఒకటుందని 14 ఏళ్లకు తెలిసింది

రాణిగంజ్‌లో పైపులు, వాల్వులు అమ్మే హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాస్తాను. 2010లో టాలీ ఈఆర్‌పీ 9తో మొదలుపెట్టి, 2021 నుంచి దాని కొత్త వెర్షన్ టాలీ ప్రైమ్ వాడుతున్నాను. రోజుకు అరవై, డెబ్భై బిల్లులు. 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల జీఎస్టీ రిటర్ను, వెయ్యాలి కాబట్టి నెల మొదట్లో తల ఎత్తే టైముండదు.

టాలీ మౌస్ అడగదు. అంతా కీబోర్డుతోనే నడిచే పాత డాస్ కంప్యూటర్ల కాలంలో పుట్టింది కదా, ఆ అలవాటు ఇంకా పోలేదు. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. వీటిని నేనెప్పుడూ కూర్చుని బట్టీ పట్టలేదు. స్క్రీన్ కుడి పక్క బటన్ల మీద ఏ కీ నొక్కాలో రాసే ఉంటుంది. కొత్తవాళ్లు మౌస్‌తోనే నొక్కుతారు. నొక్కినప్పుడల్లా ఆ కీ పేరు కంట్లో పడుతుంది. నెల తిరిగేసరికి చెయ్యి తనంతట తనే అక్కడికి పోతుంది. నాకు మాస్టారు ఆ కుడి పక్క పట్టీయే.

బిల్లు మధ్యలో కొత్త పార్టీ, అంటే కొత్త కస్టమర్, తగిలితే ఆల్ట్ సి కొట్టి అక్కడికక్కడే వాళ్ల పేరున లెడ్జర్ (ఖాతా) ఓపెన్ చేసుకోవచ్చు. ప్రైమ్‌లో వచ్చిన ఆల్ట్ జి నాకు మరీ నచ్చింది. సగం బిల్లు కొట్టి ఉంటాం, ఇంతలో ఫోన్: "అన్నా, నా బ్యాలెన్స్ ఎంతుంది?" ఆల్ట్ జి కొట్టి ఆ పార్టీ లెడ్జర్ చూసి చెప్పి, ఎస్కేప్ కొడితే సగం బిల్లు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఆ గో టు పెట్టె స్క్రీన్ పైనే కనిపిస్తుంది కాబట్టి మొదటి వారంలోనే దొరికింది.

కంట్రోల్ ఆర్ సంగతి వేరు. అది నా కంటికి ఎక్కడా కనబడలేదు. ఒకే సైటుకు వరసగా లోడ్లు పోతే, ప్రతి బిల్లుకీ అదే నేరేషన్ (బిల్లు కింద రాసే వివరం) మొదటి నుంచి చివరిదాకా టైప్ చేసేవాణ్ని. కిందటేడాది అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన అమ్మాయి పక్కన కూర్చుని కాసేపు చూసింది. "సార్, కంట్రోల్ ఆర్ కొట్టండి" అంది. కొట్టాను. ముందు బిల్లు నేరేషన్ మొత్తం వచ్చి పడింది. "ఎవరు చెప్పారమ్మా నీకు?" అంటే నవ్వింది. ఇన్నేళ్లలో ఎన్ని గంటలు పోయాయో లెక్క కడదామనుకుని మానేశాను. లెక్కలు రాసేవాడికి కూడా కొన్ని లెక్కలు వద్దు.

అలవాటైన చేతితో ఇబ్బందీ ఉంది. ఈఆర్‌పీ 9లో క్రెడిట్ నోట్‌కు (సరుకు వాపసు వస్తే రాసేది) కంట్రోల్ ఎఫ్8. ప్రైమ్‌లో అది ఆల్ట్ ఎఫ్6, కంట్రోల్ ఎఫ్8 ఏమో సేల్స్ ఆర్డర్. బుర్రకు ఒక్క రోజులో ఎక్కింది, వేళ్లకు రెండు నెలలు పట్టింది. ఇంకోటి, ఇక్కడ కంట్రోల్ ఏ అంటే సేవ్. మిగతా చోట్ల అదే మొత్తం సెలెక్ట్. బ్యాంకుకు లెటర్ టైప్ చేస్తూ, సేవ్ అనుకుని కంట్రోల్ ఏ కొట్టి తర్వాతి అక్షరం నొక్కాను. పేజీ అంతా మాయం. కంట్రోల్ జెడ్ పుణ్యమా అని బతికాను.

మధ్యలో మా సేటు కొడుకు ఫోన్‌లో బిల్లింగ్ యాప్ ఒకటి పెట్టించాడు, పేరు ఎందుకులెండి. చూడ్డానికి ముచ్చటగా ఉంది, స్క్రీన్ మీద నాలుగే బటన్లు. బిల్లులో రేటు మార్చాలంటే లైను మీద వేలు నొక్కిపట్టి ఉంచాలట. పక్కకు జరిపితే డిలీటట. ఈ రెండోది ఒక బిల్లు పోయాకే తెలిసింది. రెండు నెలలు తిరక్కుండా అందరం టాలీకే వచ్చేశాం.

ఇప్పుడు మానిటర్ కింద ఓ చీటీ అంటించుకున్నాను. కంట్రోల్ ఆర్, దాని కింద పాత వోచర్‌కు (ఎంట్రీకి) నకలు తీసే ఆల్ట్ 2. మొన్న ఆ అమ్మాయి పెన్ను తీసుకుని మూడోది కూడా రాసింది. ఇంకా నొక్కి చూడలేదు, 11వ తేదీ దాటనీ.