కథ చెప్పే కార్డులు, నోరు విప్పిన నాన్నమ్మ

హైదరాబాదులో ఒక పుస్తక ప్రదర్శనకు వెళ్లినప్పుడు, తొమ్మిదేళ్ల మా అమ్మాయి కోసం 700 రూపాయలు పెట్టి ఒక కార్డుల పెట్టె కొన్నాను. కార్డుకు ఒకవైపు ఒక తెలుగు స్త్రీ బొమ్మ, రెండోవైపు పది పన్నెండు వాక్యాల కథ ఉంటాయి. మూలనున్న కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే అదే కథ వినిపిస్తుంది. ఇటువంటివి 40 కార్డులు, వాటితో పాటు ‘మా ఇంటి కథ’ అన్న శీర్షికతో 6 ఖాళీ కార్డులు ఇచ్చారు. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి కూర్చుని చదువుకోవాలని పెట్టె మీద రాసి ఉంది కాబట్టి, రెండు నెలల పాటు మా అత్తయ్యకూ అమ్మాయికీ అప్పగించి గమనించాను.

ఆ స్త్రీ ఏం చేసిందో చెప్పిన కార్డులు మా ఇంట్లో నిలిచాయి, ఆమె ఎంత గొప్పదో మాత్రమే చెప్పినవి నిలవలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కార్డునే తీసుకుంటే, ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ వంటి పెద్ద విషయాలను చివరి రెండు వాక్యాలకు వదిలి, 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర నిలబడిన పద్నాలుగేళ్ల వాలంటీరు, టిక్కెట్టు లేదని నెహ్రూను ఆపేసిన ముచ్చటతో మొదలుపెట్టారు. ఎ. లలిత కార్డు కూడా అంతే చక్కగా ఉంది. చంకలో పసిబిడ్డ ఉండగా పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, తర్వాత మద్రాసు గిండీ ఇంజినీరింగు కళాశాలలో చేరిన ఆమెకు పట్టా ఇచ్చేటప్పుడు, అందులో అచ్చయిన ‘అతడు’ అన్న మాటను కొట్టివేసి ‘ఆమె’ అని చేతితో దిద్దవలసి వచ్చిందని చదివి మా అమ్మాయి ఆ ఒక్క కార్డును బడికి కూడా తీసుకువెళ్లింది.

చాకలి ఐలమ్మ కార్డు నన్ను నిరాశపరిచింది. వీరనారి, అగ్నికణం, ధీరవనిత అంటూ సగం కార్డు నిండిపోయింది కానీ, ఆమె కౌలుకు చేసిన భూమి గురించి గానీ, ఆ పంటను ఎత్తుకుపోవడానికి విస్నూరు భూస్వామి అయిన దేశ్‌ముఖ్ మనుషులు వస్తే ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు తిప్పికొట్టి గింజలు ఆమె ఇంటికి చేర్చిన తీరు గురించి గానీ ఒక్క ముక్క లేదు. బండారు అచ్చమాంబ కార్డులో ఏకంగా తప్పే ఉంది. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమెకు అన్న అని రాశారు. ఆమె పుట్టింది 1874లో, ఆయన 1877లో. తమ్ముడిని నాగపూరులో తన ఇంట ఉంచుకుని చదువుకోనిచ్చి, అతని పుస్తకాలతో తానూ చదువు పెంచుకున్న అక్కయ్య ఆమె. వరస తారుమారైతే కథే తారుమారవుతుంది. పైగా తెలుగులో స్త్రీల చరిత్రలను కూర్చి పుస్తకంగా తెచ్చినవారిలో మొదటివారు ఆమే కనుక, ఇటువంటి పెట్టెలో ఆ కార్డునైనా రెండోసారి సరిచూసుకుని ఉండవలసింది.

దూబగుంట రోశమ్మ కార్డు వంతు వచ్చినప్పుడు మాత్రం నేను ఊహించనిది జరిగింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా కొట్లు మూయించడం, 1992లో వేలంపాటలను అడ్డుకోవడం, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం రావడం అందులో క్లుప్తంగా ఉన్నాయి. అత్తయ్య చదివి, కార్డు బల్ల మీద పెట్టి, ఆ వేలంపాట ఆపడానికి నెల్లూరు వెళ్లిన వాళ్లలో తానూ ఉన్నానని మామూలుగా అన్నారు. నేను ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్లయినా ఆ సంగతి ఎన్నడూ వినలేదు. “మరి ఆ రోజు అన్నం ఎవరు వండారు నాన్నమ్మా?” అని మా అమ్మాయి అడిగింది. “మీ తాతయ్యే. ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు” అన్నారు ఆవిడ. తర్వాత గంటసేపు పెట్టెలోంచి ఇంకో కార్డు తీసే అవసరం రాలేదు.

ఆ కథను మర్నాడు ఖాళీ కార్డు మీద రాయబోతే, నున్నటి పూత వల్ల పెన్ను పట్టలేదు, పట్టిన సిరా అలుక్కుపోయింది. చివరికి రూళ్ల కాగితం మీద రాసి, కత్తిరించి, జిగురుతో అతికించాము. ఫోనులో వినిపించే గొంతు కూడా వార్తలు చదివినట్టు ఉంది. రెండు కార్డులు విన్నాక అత్తయ్య దాన్ని ఆపేయమని, మిగిలినవి తానే చదివి వినిపించారు.

ఇంట్లో పెద్దావిడ ఉన్నవారికి ఈ 700 రూపాయలు దండగ కావు. పిల్లల చేతికిచ్చి ఊరుకునేటట్టయితే కొనమని చెప్పలేను. తయారీదారులు మళ్లీ అచ్చు వేస్తే అచ్చమాంబ వరసను దిద్ది, ఖాళీ కార్డులను ఆరుకు బదులు పన్నెండు చేసి, పెన్ను పట్టే గరుకు అట్ట మీద వేయాలి.