ఓనరు లేని హోటల్లో ఒక పూట: తంపానూర్ ఇండియన్ కాఫీ హౌస్

తిరువనంతపురం రైల్వే స్టేషన్ బయటికొచ్చి రోడ్డు దాటితే తంపానూర్ బస్టాండు. దాని పక్కనే ఇటుక రంగులో గుండ్రంగా నిలబడి ఉంటుంది ఇండియన్ కాఫీ హౌస్. పద్మనాభస్వామి దర్శనానికి వెళ్లే మనవాళ్లు చాలామంది దాని ముందు నుంచే ఆటో ఎక్కి పోతారు. ఒక గంట ఆగి లోపలికి వెళ్లండి.

రుచి సంగతి ముందే చెప్పేస్తాను. మసాలా దోశలో కూర బీట్‌రూట్‌తో ఎర్రగా, కాస్త తియ్యగా ఉంటుంది. అల్లం చట్నీ, కారప్పొడి అలవాటైన నాలుకకు అది వింతే. మా ఆవిడ సగం తిని నా వైపు నెట్టింది. కట్లెట్‌లోనూ బీట్‌రూటే గానీ అది నాకు బాగా నచ్చింది, రెండోది కూడా తెప్పించుకున్నాను. కాఫీ మన ఫిల్టర్ కాఫీ అంత చిక్కగా ఉండదు. బిల్లు చూస్తే మాత్రం ఎవరికీ బాధ కలగదు.

కట్టడం లారీ బేకర్‌ది. ఇంగ్లండులో పుట్టి, తక్కువ ఖర్చు ఇళ్లు కడుతూ ఇక్కడే స్థిరపడి, 2007లో ఈ ఊళ్లోనే కన్నుమూసిన ఆర్కిటెక్ట్ ఆయన. లోపల అంతస్తులు లేవు. నేల మరమేకు చుట్లలా వాలుగా పైకి పోతూనే ఉంటుంది, దాని వెంబడే బల్లలు, కూర్చునే దిమ్మెలు. గోడలో ఇటుకల మధ్య వదిలిన కంతల్లోంచి గాలి వస్తుంది. ఆ వాలు మీద ట్రేలతో రోజంతా ఎక్కి దిగే సప్లయర్ల పిక్కల గురించే నేను ఎక్కువ ఆలోచించాను, ఎందుకంటే నాకు తణుకులో టిఫిన్ సెంటర్ ఉంది.

మా లైన్లో మాస్టర్లను నిలబెట్టుకోవడమే పెద్ద టెన్షన్. చేరేటప్పుడు అడ్వాన్స్ అడుగుతారు, ఇస్తాం. సంక్రాంతికి ఊరెళ్తాడు, పక్క ఊరి హోటల్లో పెనం ముందు తేలతాడు. వాడిని తిట్టుకుంటాం. వాడు జబ్బుపడ్డ వారం మనం జీతం కోసిన సంగతి మాత్రం మనకు గుర్తుండదు. తలపాగా, తెల్ల యూనిఫాం వేసుకుని మాకు వడ్డించిన పెద్దాయనని ఎన్నాళ్లుగా చేస్తున్నారని అడిగితే, ఇరవై ఏళ్లు దాటిందన్నాడు. మా సెంటర్లో ఇరవై నెలలు దాటినవాడు ఒక్కడే, వాడు నా బావమరిది.

ఇక్కడ గల్లాపెట్టె ముందు కూర్చునే ఓనరు ఉండడు. ఇది కార్మికుల సహకార సంఘం హోటల్. ఈ పేరుతో దేశంలో చాలా ఊళ్లలో హోటళ్లున్నాయి. ఒకప్పుడు ఇలాంటి కాఫీ హౌస్‌లను కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన కాఫీ బోర్డు నడిపేది. 1950లలో బోర్డు వాటిని మూసేస్తుంటే పనివాళ్లు రోడ్డున పడ్డారు. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ముందుండి, మీరే సంఘం పెట్టుకుని నడుపుకోండని వాళ్లను కూడగట్టారు. 1957 ఆగస్టులో బెంగళూరులో మొదటి సంఘం ఏర్పడింది, అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో హోటల్ తెరిచారు. కేరళలో మొదటిది 1958లో త్రిశూర్‌లో. వడ్డించేవాడే సభ్యుడు, వాటాదారు. పాలకవర్గాన్ని ఓటేసి ఎన్నుకునేదీ వాళ్లే. కింది పనిలో చేరినవాడు ఏళ్లు గడిచేకొద్దీ సప్లయర్‌గా, ఆపైకి ఎదుగుతాడు.

ఓనరు మంచివాడైతే చాలు, పనివాళ్లు నిలబడతారని మా అసోసియేషన్ మీటింగుల్లో అంటూ ఉంటారు. పండక్కి బట్టలు పెట్టడం, పిల్లల ఫీజుకి చేబదులు ఇవ్వడం నేనూ చేస్తాను. కానీ అవి నా ఇష్టం మీద నడిచేవి. రేపు నాకు కోపమొస్తే ఆగిపోతాయి, అది మాస్టర్‌కీ తెలుసు. ఈ పెద్దాయనకు ఎవరి ఇష్టంతోనూ పనిలేదు, పేరు సభ్యుల పుస్తకంలో ఉంది. బదులుగా ఆయనా తన వంతు ఇచ్చాడు కదా, ఇరవై ఏళ్ల పిక్కల సత్తువ! అలాగని నేను వెళ్లి నా సెంటర్‌ని సంఘం చేసేస్తానని అనుకోకండి, బ్యాంకు లోను నా పేరు మీద ఉంది. దోశ మాస్టర్‌కి లాభంలో వాటా ఇవ్వడం గురించి మా ఆవిడతో మాట్లాడుతున్నాను, ఇంకా తేలలేదు.

ఈ పద్ధతి అన్నిటికీ మందు కూడా కాదు. బెంగళూరు ఎం.జి. రోడ్డులో ఉన్న కాఫీ హౌస్ 2009లో ఆ చోటు వదిలి చర్చ్ స్ట్రీట్‌కి మారాల్సి వచ్చింది. వాటాదారులైనా స్థలం వేరొకరిదైతే అంతే మరి.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఎండ ఎక్కకముందు కంతల్లోంచి వెలుగు బాగుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది బల్లలే పట్టుకోండి, పైచుట్టు దాకా వాలు ఎక్కడం కష్టం. కట్లెట్, ఆమ్లెట్, కాఫీ చెప్పండి. దోశ తినాలనిపిస్తే ఇద్దరికి ఒకటి చాలు. నా వరకు తిండికి మూడు స్టార్లు, వడ్డించినవాళ్లకి ఐదు.