షంట్‌లో కాండిడా: ఉంచి మందులివ్వాలా, తీసేయాలా?

పిల్లల మెదడు షంట్‌లో (తలలో పేరుకునే నీటిని శరీరంలో వేరేచోటికి మళ్లించే గొట్టంలో) కాండిడా ఫంగస్ చేరినప్పుడు, గొట్టాన్ని అలాగే ఉంచి మందులిస్తే ఆపరేషన్ తప్పుతుంది. లాభం అంతవరకే. సిలికాన్ గోడకు ఫంగస్ జిగురుపొరలా అంటుకుంటుంది, మందు ఆ పొరలోకి సరిగా దిగదు. తగ్గినట్టే ఉండి, మందు ఆపాక తిరగబెట్టవచ్చు. అందుకే వీలైనంతవరకు మొత్తం తీసేయడమే మేలు.

తీసేశాక తలలో నీరు పేరుకోకుండా బయటికి డ్రెయిన్ (నీటిని బయటి సంచిలోకి తీసే గొట్టం) పెడతారు. దాని మట్టం చెవి రంధ్రం ఎత్తుకు సరిచూడాలి. డ్రెయిన్ మూయకుండా బిడ్డను లేపి కూర్చోబెడితే నీరు అతిగా కారిపోతుంది, అది ప్రమాదం. మందు సాధారణంగా లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బి, రోజుకు కిలోకు 5 మి.గ్రా.; పొటాషియం, కిడ్నీ పరీక్షలు తప్పవు. ఫ్లూసైటోసిన్ అనే మరో ఫంగస్ మందు కలిపితే రక్తకణాలూ చూడాలి. కాస్పోఫంగిన్ అనే ఫంగస్ మందు మెదడు నీటిలోకి అంతగా చేరదు. కల్చర్లు (మెదడు నీటిలో ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్షలు) వరుసగా నెగటివ్ వచ్చాకే కొత్త షంట్.