కంపెనీ డబ్బు, యూనివర్సిటీ బుర్ర: ఏ పొత్తు మేలు?

డ్రైవర్ లేని కారు తయారు చేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆలోచన చాలాసార్లు ఏ యూనివర్సిటీ ల్యాబ్‌లోనో పుడుతుంది. దాన్ని రోడ్డు మీదికి తెచ్చేంత డబ్బు కంపెనీ దగ్గర ఉంటుంది. కాబట్టి ఇద్దరూ కలవాలా వద్దా అని వాదించుకునే కాలం పోయింది, ఎలా కలవాలో తేల్చుకోవాలి. ల్యాబ్‌లోని మనుషుల్ని కంపెనీయే తీసేసుకోవచ్చు. ల్యాబ్‌ని ఉన్నచోటే ఉంచి డబ్బివ్వచ్చు. లేదా ప్రభుత్వాన్ని కూడా కలుపుకుని ముగ్గురూ ఒక పనికి దిగొచ్చు. ఈ మూడూ జరిగాయి, జరుగుతున్నాయి. నేను మాత్రం వీటిని ఒకే లెక్కన చూస్తాను: తేడా వచ్చినప్పుడు "ఇది తప్పు, ఆపండి" అనగలిగేవాళ్ళు బయట ఎవరైనా మిగులుతారా?

మనుషుల్నే తీసేసుకుంటే

2015 ఫిబ్రవరిలో ఊబర్, అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీతో కలిసి పని చేస్తామని ప్రకటించింది. కొన్ని నెలలకే అక్కడి రోబోటిక్స్ కేంద్రం నుంచి దాదాపు 40 మంది ఊబర్‌లో చేరిపోయారు. డైరెక్టర్ కూడా వాళ్ళలో ఒకరు. వెళ్ళినవాళ్ళను తప్పుపట్టలేం. మంచి జీతం, చేసిన పని రోడ్డు మీద తిరుగుతుందన్న ఆశ, ఎవరికైనా ఉంటాయి. తర్వాత ఊబర్ ఆ యూనివర్సిటీకి 55 లక్షల డాలర్లు విరాళమిచ్చింది.

ఈ పద్ధతికి వేగం ఎక్కువ, అందులో అనుమానం లేదు. 2016 సెప్టెంబరుకల్లా పిట్స్‌బర్గ్‌లో ఊబర్ కార్లు ప్రయాణికుల్ని ఎక్కించుకుని వాటంతట అవే నడవడం మొదలెట్టాయి, ముందు సీట్లో కాపలాకి ఒక మనిషి ఉన్నా సరే.

2018 మార్చి 18 రాత్రి, అరిజోనాలోని టెంపీ పట్టణం. సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఊబర్ ప్రయోగాత్మక కారు గుద్దింది. ఆమె చనిపోయింది. కారు ఆమెను చూడలేదా అంటే, చూసింది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే సెన్సార్లు పసిగట్టాయి. కానీ అదేమిటో తేల్చుకోలేక, ఒకసారి వాహనం అని, ఇంకోసారి ఏదో వస్తువు అని, మరోసారి సైకిల్ అని మార్చుకుంటూ పోయింది. మార్చుకున్న ప్రతిసారీ అంతకుముందు ఆమె ఎటు నడిచిందన్న లెక్క వదిలేసి మళ్ళీ మొదటికొచ్చింది. జీబ్రా క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటొచ్చన్న ఊహే ఆ సాఫ్ట్‌వేర్ డిజైన్‌లో లేదు. ఊబర్ ఈ ప్రయోగానికి వాడిన వోల్వో కారుకి సొంతంగా ఉన్న ఎమర్జెన్సీ బ్రేకు, కంప్యూటర్ నడిపేటప్పుడు పని చేయకుండా ఆపేశారు. కాపలాకి కూర్చున్న మనిషి చూపు ఫోన్ మీద ఉంది.

ఈ వివరాలన్నీ బయటపెట్టింది అమెరికా ప్రభుత్వ రవాణా భద్రతా సంస్థ, ఎన్‌టీఎస్‌బీ. ప్రమాదం జరిగిన ఏడాదిన్నర తర్వాత, 2019 నవంబరులో తేల్చి చెప్పింది. ఆపరేటర్ అజాగ్రత్తతో పాటు, కంపెనీలో భద్రతను అంచనా వేసే పద్ధతే సరిగా లేదని కూడా తప్పుపట్టింది. ఇదంతా మనిషి పోయాక తెలిసింది. అదే పని ల్యాబ్‌లో జరిగుంటే ప్రమాదం తప్పేదని నేను అనను, ల్యాబ్‌వాళ్ళేం దేవుళ్ళు కాదు. కాకపోతే అక్కడ సగం పని పేపర్లుగా బయటికొస్తుంది, ఇంకో ల్యాబ్‌వాళ్ళు చదివి బొక్కలు వెతుకుతారు. అందరూ ఒకే కంపెనీ గోడల మధ్యకి వెళ్ళిపోతే ఆ వెతికే కళ్ళు తగ్గుతాయి. చివరికి 2020 డిసెంబరులో ఊబర్ ఆ విభాగాన్నే అరోరా అనే కంపెనీకి అప్పగించేసింది.

డబ్బిచ్చి ఊరుకుంటే

ఊబర్ మనుషుల్ని తీసుకెళ్ళిన ఏడాదే టొయోటా ఇంకో దారి పట్టింది. ఎంఐటీ, స్టాన్‌ఫోర్డ్‌లలో పరిశోధన కేంద్రాలకు ఐదేళ్ళలో 5 కోట్ల డాలర్లు ఇస్తామంది. ప్రొఫెసర్లు ఎక్కడివాళ్ళు అక్కడే ఉంటారు, విద్యార్థులు పేపర్లు రాసుకుంటారు. మొదటి పద్ధతి కంటే ఇది నయం.

కానీ ఉప్పు తిన్న మొహమాటం ఒకటి ఉంటుంది. 2019లో ఫేస్‌బుక్, జర్మనీలోని మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీకి ఏఐ నైతికత మీద పరిశోధనకే 75 లక్షల డాలర్లు ఇస్తానన్నప్పుడు పెద్ద గొడవే అయింది. మా స్వతంత్రానికి ఢోకా లేదని యూనివర్సిటీ చెప్పింది. అది నిజమే అనుకుందాం. అయినా కంపెనీ "ఇది రాయొద్దు" అని నోరు తెరిచి అనక్కర్లేదు. ఏ ప్రశ్నకి డబ్బు వస్తుందో తెలిశాక, డబ్బు రాని ప్రశ్న జోలికి ఎవరూ పోరు. మన దగ్గర ఐఐటీ మద్రాస్‌లో బాధ్యతాయుత ఏఐ కేంద్రానికి గూగుల్ 10 లక్షల డాలర్లు ఇచ్చింది. అక్కడా అడగాల్సింది ఇదే: గూగుల్ సరుకు మీద పరీక్ష చేసి ఫలితం బాగోకపోతే, దాన్ని అచ్చేసుకునే హక్కు ఒప్పందంలో రాసుందా?

ముగ్గురూ కలిస్తే

ఇక్కడ హైదరాబాద్ గురించి చెప్పుకోవాలి. డ్రైవర్ లేని కార్ల పరిశోధనకి ప్రపంచమంతా వాడే ఫొటోల భాండాగారాల్లో సిటీస్కేప్స్ ఒకటి, కారు కంప్యూటర్ వీధిని గుర్తుపట్టడం వీటిని చూసే నేర్చుకుంటుంది. దాని వెనక కూడా పొత్తే ఉంది: కార్ల కంపెనీ డైమ్లర్, మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ, డార్మ్‌స్టాట్ యూనివర్సిటీ, అన్నీ జర్మనీవే. 50 నగరాల వీధులు, ఎక్కువగా జర్మనీవే. గీసినట్టుండే లేన్లు, మంచి వాతావరణం. దాని మీద చదువుకున్న కారుని తెచ్చి మెహదీపట్నంలో వదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, చిప్‌ల కంపెనీ ఇంటెల్ కలిసి 2018లో ఐడీడీ అనే డేటాసెట్ తెచ్చాయి. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్ల రోడ్ల మీద తీసిన 10,000 ఫొటోలు. ఒక్కో ఫొటోలో ఏది ఏమిటో గీత గీసి మరీ గుర్తుపెట్టారు, మొత్తం 34 రకాలుగా. ఆటోకి ప్రత్యేకంగా ఒక పేరుంది. రోడ్డు మీదికొచ్చే జంతువులకి ఒకటుంది. నాకు బాగా నచ్చింది ఇంకోటి: తారు అయిపోయాక ఉండే మట్టి అంచుని విడిగా గుర్తించారు. అది రోడ్డు కాదు, కానీ అవసరమైతే బండి దిగే చోటు. మన డ్రైవర్లకి ఎవరూ నేర్పకుండానే వచ్చే విషయం ఇది. ఈ డేటా కంపెనీ బీరువాలో లేదు, నమోదు చేసుకున్న పరిశోధకులు దించుకుని చూడొచ్చు, తప్పులు పట్టొచ్చు.

2020లో తెలంగాణ ప్రభుత్వం, ఇంటెల్, ట్రిపుల్ ఐటీ, ప్రజారోగ్య సంస్థ పీహెచ్‌ఎఫ్‌ఐ కలిసి ఐఎన్ఏఐ అనే ఏఐ పరిశోధన కేంద్రం పెట్టాయి. దాన్నుంచి వచ్చిందే ఐరాస్తే అనే రోడ్డు భద్రత ప్రాజెక్టు. 2021లో నాగ్‌పూర్ బస్సులతో మొదలై, తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకీ వచ్చింది. ఇది డ్రైవర్‌ని తీసేసే ప్రయత్నం కాదు. బస్సుకి కెమెరా పెడతారు, ముందు బండికి మరీ దగ్గరైతే డ్రైవర్‌కి హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక ఎక్కడ మోగిందో కూడా నమోదవుతుంది. ఒకే మలుపు దగ్గర మళ్ళీ మళ్ళీ మోగుతుంటే అది గ్రే స్పాట్. అంటే ఇంకా ఎవరూ చనిపోలేదు, కానీ చనిపోయే వీలున్న చోటు. టెంపీలో ప్రాణం పోయాక మొదలైన లెక్క, ఇక్కడ పోకముందే మొదలవుతోంది.

ఈ పద్ధతికీ జబ్బులున్నాయి. నలుగురు సంతకం పెడితే గానీ ఫైలు కదలదు. గ్రాంటు కాలం ముగిశాక కెమెరాల మరమ్మతు ఎవరి పనో తేలదు. ఐఐటీ హైదరాబాద్‌లో టీహాన్ టెస్ట్‌బెడ్‌ని 2022 జులైలో ప్రారంభించారు, డ్రైవర్ లేని వాహనాల్ని అసలు రోడ్డెక్కించకముందే పరీక్షించుకోవడానికి. అలాంటి చోటు ఉండటం గొప్పే, కానీ కంపెనీలు తప్పనిసరిగా అక్కడికి వచ్చి తీరాలన్న నియమం ఉంటేనే దాని విలువ.

నా ఓటు మూడోదానికే, రోడ్డు మీద తిరిగేదైతే మరీను. ఫ్యాక్టరీలో కంచె వెనక పని చేసే రోబో చేయికి రెండో పద్ధతి చాలు, ఎందుకంటే అక్కడ ఎవరు ఎటు నడుస్తారో ముందే తెలుసు. రోడ్డు అలా కాదు. అయితే మూడో పద్ధతిని కూడా గుడ్డిగా నమ్మలేను. ఆ గ్రే స్పాట్ల జాబితా, మ్యాపుతో సహా, జనం చూసేలా ఆర్టీసీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఏ మలుపుని ఏ శాఖ ఎప్పుడు బాగు చేసిందో పక్కనే రాయాలి.