ఆర్కిటిక్ ప్లవకాల లెక్క: ఉపగ్రహమా, సంచులా, లంగరు వేసిన పరికరాలా?

1998 నుంచి 2018 మధ్య ఆర్కిటిక్ సముద్రంలో వృక్ష ప్లవకాల (నీళ్లలో తేలుతూ, మొక్కల్లా ఎండతో ఆహారం తయారు చేసుకునే సూక్ష్మజీవుల) ఉత్పత్తి 57 శాతం పెరిగిందని తేలింది ఉపగ్రహాల వల్లే. అంత పెద్ద సముద్రాన్ని ఏటా చూడాలంటే ఇంకో దారి లేదు. కానీ ఉపగ్రహానికి కనిపించేది పై నీరు మాత్రమే, అదీ మబ్బు లేనప్పుడు, మంచు లేనప్పుడు, పగలు ఉన్నప్పుడు. 2011 జులైలో అలాస్కాకి ఆనుకుని ఉన్న చుక్చీ సముద్రంలో ఓడ మీద వెళ్లిన శాస్త్రవేత్తలకు మంచు కిందే చిక్కగా పెరిగిన ప్లవకాలు దొరికాయి, పైనుంచి చూస్తే అక్కడ ఉత్తి తెల్లటి మంచే. 2024లో నాసా పంపిన పేస్ ఉపగ్రహం ప్లవకాల వల్ల నీటికొచ్చే రంగుల తేడాని ఇంకా బాగా పడుతుంది గానీ మంచును దాటి చూడటం దాని వల్ల కూడా కాదు.

ఇక సంచుల పద్ధతి. 2010లో నార్వేకి చెందిన ఆర్కిటిక్ దీవులు స్వాల్‌బార్డ్‌లో, కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో తొమ్మిది భారీ సంచులు వేలాడదీసి, ఒక్కోదాంట్లో దాదాపు 50 వేల లీటర్ల సముద్రపు నీళ్లు పట్టి, కార్బన్ డయాక్సైడ్ వేర్వేరు మోతాదుల్లో కలిపి చూశారు. అది ఎక్కువైన చోట అతి చిన్న ప్లవకాలు బలపడ్డాయి. దేనివల్ల ఏం జరిగిందో ఇంత సూటిగా చెప్పే పద్ధతి నాకు తెలిసి మరొకటి లేదు. కాకపోతే అది కొన్ని వారాల ప్రయోగం, తరాలు మారితే ఏమవుతుందో చెప్పదు.

నా ఓటు మాత్రం మూడోదానికే: ఒకేచోట లంగరు వేసి ఏడాదంతా నీళ్లలో ఉంచే పరికరాలు, వాటితో పాటు వలేసి పట్టిన నమూనాలు. ఎందుకంటే అక్కడ అసలు ప్రశ్న ఎంత పెరిగిందని కాదు, ఎప్పుడు పెరిగిందని. కలానస్ గ్లేసియాలిస్ అనే బియ్యపు గింజంత జీవి వసంతంలో మంచుకి అంటుకున్న నాచు తిని గుడ్లు పెడుతుంది, పిల్లలు పెద్దవయ్యేసరికి మంచు కరిగి నీళ్లలో ప్లవకాలు విరివిగా పెరగాలి. మంచు ముందే కరిగిపోతే ఆ రెండు భోజనాల మధ్య ఎడం తగ్గి, పిల్లలు తినే వయసుకొచ్చేసరికి పంక్తి లేచిపోతుంది! కొవ్వు పట్టిన ఈ కలానస్‌ల మీదే ఆధారపడే లిటిల్ ఆక్ పక్షులకీ అదే దెబ్బ. ఆ వారాల తేడా తెలియాలంటే నీళ్లలో కాపలా ఉండాల్సిందే.

అదే కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో 2014లో మన దేశం కూడా 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే లంగరు వ్యవస్థను దింపింది, అది నాకు నిజంగా గర్వంగా అనిపిస్తుంది. ఒక్క చోటి సంగతే తెలుస్తుందన్న లోటు ఉంది, ఒప్పుకుంటాను. అయినా ఒక్కదానికే డబ్బుందంటే దీనికే పెట్టాలి, ఉపగ్రహ డేటా నాసా దగ్గర ఎలాగూ ఉచితంగా దొరుకుతుంది.