ఓఎంజీ, ఎఫ్ఆర్, ఎస్ఎంహెచ్: నమ్మలేని కబురుకి ఏది మేలు?

మన విశాఖ ఫ్రెండ్స్ గ్రూపులో ఒకడు పెట్టాడనుకోండి: "జగదాంబ నుంచి రుషికొండకి ఆటో 900 అడిగాడు గురూ." కింద మూడు జవాబులు పడతాయి: ఓఎంజీ, ఎఫ్ఆర్?, ఎస్ఎంహెచ్. చూడ్డానికి మూడూ ఒకటే. కానీ మొదటివాడు నోరెళ్లబెట్టాడు, రెండోవాడు నిజమేనా అని అడిగాడు, మూడోవాడు నమ్మేసి తల పట్టుకున్నాడు.

ఓఎంజీ అంటే ‘ఓ మై గాడ్’, మన "ఓలమ్మో"కి చుట్టం. ఎవరికి పెట్టినా తప్పు పట్టరు. ఇది ఇప్పటి పిల్లల కనిపెట్టుడేం కాదు, బ్రిటిష్ అడ్మిరల్ జాన్ ఫిషర్ 1917లో చర్చిల్‌కి రాసిన ఉత్తరంలోనే ఉంది. నేవీ ఊరివాళ్లం, ఆ మాత్రం తెలిసుండాలి. దీని లోటల్లా ఒకటే, ఏమీ అడగదు. రేటు నిజంగా అంతేనా అని తేల్చుకోవాలంటే దీనివల్ల పని జరగదు.

అనుమానం ఉన్నప్పుడు ఎఫ్ఆర్ మేలు. ‘ఫర్ రియల్’. దీని ప్రాణమంతా ప్రశ్న గుర్తులో ఉంది. గుర్తు పెడితే "నిజంగానేటి?" అని. పెట్టకపోతే "అదే కదా, కరెక్టుగా చెప్పావ్" అని. "రేపు కాలేజీకి సెలవంట" అన్న కబురు కింద గుర్తు మరిచిపోయారా, ఆ పుకారుకి రెండో సాక్షి మీరే. వాట్సాప్‌లో అయితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసి గుర్తు తగిలించొచ్చు. ఇంకోటి, ఆ మెసేజ్‌ని పక్కకి జరిపి దానికే రిప్లై ఇవ్వండి. లేదంటే ఈలోపు పడ్డ ఇంకో పది మెసేజుల్లో దేన్ని అనుమానించారో ఎవరికీ తెలీదు.

ఎస్ఎంహెచ్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ‘షేకింగ్ మై హెడ్’, తల అడ్డంగా ఊపడం. మనం తల ఊపితే సగం సార్లు "సరే" అని అర్థం, ఇందులో ఆ సరే లేదు. "ఏం మనుషులో!" అన్న విసుగే. ఆటోవాడి రేటు మీద వాడితే బాగుంటుంది. "బండి తాళం పోగొట్టుకున్నా" అన్నవాడికి పెడితే "నీ తెలివికి దండం" అన్నట్టు తగులుతుంది.

డబ్ల్యూటీఎఫ్‌లో ఉన్నదీ ఆశ్చర్యమే (‘ఇదేం గోల!’ అని), కానీ చివరి అక్షరం బూతు, దగ్గరి స్నేహితులు దాటి బయటికి వద్దు. తెల్ల గుడ్లగూబ బొమ్మతో నెట్‌లో తిరిగిన ‘ఓ రియల్లీ’ పాతబడిపోయింది, పైగా వెటకారం.

ఇంగ్లిష్ అక్షరాల్లో ntra అని కుదించి కొట్టే మన "ఏంట్రా" వీటన్నిటికంటే చురుగ్గా పనిచేస్తుంది, కాకపోతే ఎన్టీఆర్ పక్కన ఏ చేర్చినట్టు కనిపిస్తుంది.

ఫ్యామిలీ గ్రూపులో మావయ్య ఫార్వర్డుకి మాత్రం పొట్టి అక్షరాలు వద్దు. "అవునా మావయ్యా, ఎవరు చెప్పారు?" అనండి. జవాబు వస్తుంది, లేదా ఆ ఫార్వర్డే డిలీట్ అవుతుంది.