అబ్రాహాము, యోనా: దేవుని పిలుపుకు రెండు జవాబులు

దేవుని పిలుపు విని హారాను నుండి బయలుదేరినప్పుడు అబ్రాహాముకు 75 ఏళ్లు. స్వదేశాన్ని, బంధువులను, తండ్రి ఇంటిని విడిచి ‘నేను చూపించే దేశానికి’ వెళ్లమని దేవుడు అన్నాడే తప్ప ఆ దేశం పేరైనా చెప్పలేదు. అయినా అతడు బయలుదేరాడు. యోనా ప్రవక్తకు మాత్రం తాను వెళ్లి హెచ్చరించాల్సింది నీనెవె అని ఊరి పేరుతో సహా స్పష్టంగా తెలిసినా, యొప్పేకు పోయి, కేవు (ఓడ ప్రయాణపు రుసుము) చెల్లించి, తర్షీషుకు వెళ్లే ఓడ ఎక్కాడు. తప్పించుకోవడానికి చేతి సొమ్ము ఖర్చు పెట్టుకున్న ఆ చిన్న వివరం నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది.

కాబట్టి విధేయతకు అడ్డు వచ్చేది వివరాలు తెలియకపోవడం కాదని నా నమ్మకం. దేవుడు కనికరం గలవాడని, నీనెవెను క్షమిస్తాడని తెలిసే పారిపోయానని యోనా తన పేరున్న గ్రంథం నాలుగో అధ్యాయంలో తానే ఒప్పుకున్నాడు. అతనికి జ్ఞానం ఉంది, దేవుని చిత్తానికి లోబడే మనసు లేదు.

అబ్రాహాము విశ్వాసం కూడా మచ్చలేనిది కాదు. కరువు రాగానే ఐగుప్తుకు వెళ్లి, ప్రాణభయంతో భార్య శారయిని చెల్లెలని చెప్పించాడు. కానీ ఆ పాఠాలన్నీ దాటి వచ్చిన మనిషి, కుమారుడు ఇస్సాకును బలిగా అర్పించమన్న అతి కఠినమైన మాట విన్న తరువాత, తెల్లవారగానే లేచి గాడిదకు గంత కట్టాడు.

యోనాకు రెండోసారి పిలుపు రావడం దేవుని కృప. ఈసారి అతడు వెళ్లాడు, ప్రకటించాడు, పట్టణం మారింది. అతని మనసు మాత్రం మారలేదు. లక్షా ఇరవై వేలకు పైబడిన జనం మీద నేను జాలిపడవద్దా అని దేవుడు అడిగిన ప్రశ్నతో ఆ గ్రంథం ముగుస్తుంది. యోనా జవాబు అందులో లేదు.